ఉచితం అనే మాటకు వొక వ్యాఖ్యానం

డబ్బు పుచ్చుకోకుండా యివ్వటాన్ని చెప్పటానికి తెలుగులో మూడు మాటలున్నాయి: వూరికే, పుణ్యానికి, ఉచితంగా. మూడింటికీ నిఘంటువులో వొకే అర్థం దొరకవచ్చుగాని వాడుకలో తేడా వున్నది. పెరట్లో కాసిన ఆనపకాయ పక్కింటివారికి వూరికే యిస్తాం. యిచ్చినవారు లెక్క రాసుకోరు, పుచ్చుకున్నవారు చిన్నబుచ్చుకోరు. పుణ్యానికి యిచ్చేదానికి మాత్రం లెక్క వున్నది. కాకపోతే ఆ బాకీ వసూలయ్యేది పరలోకంలో. "పుణ్యానికి పుట్టెడిస్తే పిచ్చకుంచమని పోట్లాడినట్లు" అనే సామెత పుచ్చుకునేవాణ్ణి వెక్కిరిస్తుందిగాని, ఆ పుట్టెడు ధాన్యం యిచ్చినవాడి గాదెలోకి యెట్లా చేరిందని అడగదు. యిక మూడో మాట. సంస్కృతంలో ఉచితమంటే తగినది, యుక్తమైనది. ఔచిత్యం అనే మాట దాన్నించే వచ్చింది. 11వ శతాబ్దంలో క్షేమేంద్రుడు ఔచిత్యమే కావ్యానికి ప్రాణమని వాదించి వొక గ్రంథమే రాశాడు. అంతటి మాట తెలుగులో వెల లేనిదనే అర్థంలో స్థిరపడింది. ఆ పరిణామం సంగతి భాషాశాస్త్రజ్ఞులకు వదిలేస్తాను. నేను అడగదలచుకున్నది మరొకటి. ఆన్‌లైన్ దుకాణాల తెరమీద యివాళ కోట్లమంది చదువుతున్న ఉచితం నిజంగా ఉచితమేనా? కాకపోతే యెవరి పాలిట అనుచితం?

యిది సాహిత్య విమర్శ పత్రికలో చర్చించవలసిన విషయమా అని కొందరు మిత్రులు అడగవచ్చు. అడగటం న్యాయమే. కవిత్వం ముట్టని యిళ్ళలో కూడా "వొకటి కొంటే వొకటి ఉచితం", "యీ అర్ధరాత్రి వరకే", "యింకా రెండే మిగిలినాయి" అనే వాక్యాలు రోజూ చదువుతున్నారు. ఆ వాక్యాల్లో వొక కథ వున్నది. అందులో కొనేవాడు నాయకుడు, దుకాణం దాత, గడువు ప్రతినాయకుడు. గడువును జయించి నాయకుడు బహుమతి సంపాదిస్తాడు. కథ చెప్పి మనిషిచేత పని చేయిస్తున్నప్పుడు, ఆ కథలో యెవర్ని చూపించారు, యెవర్ని దాచారు అని అడగటం విమర్శకుడి పనే. నవలను అడిగే ప్రశ్నే యీ ప్రకటననూ అడుగుదాం.

ముందు నా బుద్ధితక్కువ సంగతి చెప్పుకుంటాను. నిరుడు వొక పుస్తకం కోసం వొక ఆన్‌లైన్ దుకాణంలోకి వెళ్ళాను. పుస్తకం 320 రూపాయలు. మొత్తం 499 దాటితే డెలివరీ ఉచితం, దాటకపోతే 40 రూపాయలు. ఆ 40 రూపాయలు యివ్వటానికి మనసొప్పలేదు. అరగంట వెతికి 199 రూపాయలకు వొక గోడగడియారం చేర్చాను. దాని అసలు వెల 599 అని రాసి, అడ్డంగా గీత కొట్టి వున్నది. అంటే 40 మిగుల్చుకోవటానికి 199 ఖర్చుపెట్టి, 400 ఆదా చేశానని యింట్లో చెప్పుకున్నాను. "మనకు గడియారం లేక కాదుగదా" అన్నది నా భార్య. నేను తరగతిలో వక్రోక్తిని గురించి పాఠం చెప్పేవాణ్ణి. ఆ అడ్డగీత కూడా వొక వక్రోక్తే నన్న సంగతి ఆమె ఆ మాట అనేదాకా నాకు తట్టలేదు.

కవి కొట్టివేసిన మాట పాఠకుడికి కనిపించదు. దుకాణంవాడు కొట్టివేసిన అంకె కనిపించటం కోసమే కొట్టివేయబడుతుంది. మన దేశంలో ప్యాకెట్లమీద ముద్రించే ఎమ్మార్పీ అనేది అంతకు మించి అమ్మరాదని చెప్పే గరిష్ఠపు ధర మాత్రమే. అది ఆ వస్తువు విలువా కాదు, నిన్నటిదాకా జనం కొన్న ధరా కావలసిన పనిలేదు. కాని తగ్గింపు శాతాన్ని అక్కణ్ణించి లెక్కకట్టటం ఆచారమైపోయింది. యెవరూ యివ్వని ధరనుంచి మనకు తగ్గించి యిస్తున్నారు. మనం యెన్నడూ పోగొట్టుకోని డబ్బును మనకు తిరిగి సంపాదించి పెడుతున్నారు.

యీ బలహీనత నా వొక్కడిదే కాదని తెలుసుకోవటం కొంత వూరట. 2007లో డాన్ ఏరియలీ, మరి యిద్దరు పరిశోధకులు కలిసి వొక ప్రయోగాన్ని ప్రకటించారు. మేలురకం చాక్లెట్టు వొకటి, మామూలుది వొకటి పెట్టి అమ్మారు. తరవాత రెండింటి ధరా వొక్కొక్క సెంటు తగ్గించారు. రెండింటికీ మధ్య తేడా యేమీ మారలేదు. అయినా మామూలు చాక్లెట్టు ధర సున్నాకు చేరేసరికి, అంతకుముందు మేలురకం కోరుకున్న జనం దీనివైపు మొగ్గారు. సున్నా అనేది మిగతా అంకెల వంటి అంకె కాదని వారు తేల్చారు. మన దుకాణాలకు యీ సంగతి పరిశోధకులు చెప్పకముందే అనుభవంలో తెలుసు.

అయితే యిటువంటి మనస్తత్వశాస్త్రం కొనేవాడి బుర్రలోకి తొంగిచూసి అక్కడే ఆగిపోతుంది. మనిషి తెలివితక్కువవాడు, ఆశపోతు అన్న తీర్పుతో సరిపెట్టుకుంటుంది. మనలో కొందరు అభ్యుదయవాదులు కూడా వినియోగ వ్యామోహం అనే మాట పట్టుకుని జనానికి నీతిబోధ చేసి వూరుకుంటున్నారు. పండుగకు పిల్లవాడికి చొక్కా సగం ధరకు దొరికిందని సంతోషించే తల్లిని మందలించటం నాకు సమ్మతం కాదు. ఆమె సంతోషం న్యాయమైనది. ఆ చొక్కా మిగతా సగం ధర యెవరు కట్టారు అన్నదే అసలు ప్రశ్న.

యీ ప్రశ్న మన సంతల్లో పుట్టదు. యెందుకంటే జవాబు అక్కడ కళ్ళెదుటే వుంటుంది. వంకాయలు తూచిన తరవాత అమ్మే మనిషి గుప్పెడు కరివేపాకో, రెండు పచ్చిమిరపకాయలో పైన వేస్తుంది. దాన్ని కొసరు అంటాం. కొసరును గురించి మురిసిపోనక్కరలేదు. పొద్దున్నే వడ్డీకి డబ్బు తెచ్చుకుని బుట్ట నింపుకున్న మనిషి దగ్గర, మెడలో గొలుసున్న మనిషి కొసరుకోసం పీడించటం మనం చూస్తూనే వున్నాం. అయినా అక్కడ యిచ్చే చెయ్యీ, నష్టపోయే చెయ్యీ వొకటే. కొనేమనిషి యెంత కఠినురాలైనా ఆ చేతిని చూడక తప్పదు. ఆన్‌లైన్ దుకాణంలో యిచ్చే చెయ్యి వేరు, నష్టపోయే చెయ్యి వేరు. రెండోది తెరమీదికి రాదు.

యీ రెండు చేతులూ విడిపోవటాన్ని నవలలో పట్టుకున్నవాడు ఎమిల్ జోలా. 1883లో ఆయన ప్రచురించిన "ఓ బొనేర్ దె దామ్" పారిస్‌లోని వొక మహా అంగడి కథ. దీనికోసం ఆయన నిజమైన అంగళ్ళకు వెళ్ళి, వివరాలు సేకరించి రాసుకున్నాడు. అందులో వొకటైన బాన్ మార్షే పేరుకు చవక అనే అర్థం. నవలలోని అంగడి యజమాని మూరే వొక రకం నల్లపట్టును నష్టానికే అమ్ముతాడు. ఆ పట్టుకోసం వచ్చిన స్త్రీలు మరి పది వస్తువులు కొనకుండా బయటికి పోరని అతని నమ్మకం. పిల్లలకు అంగడి పేరు వేసిన యెర్రబుడగలు వూరికే పంచుతాడు. ఆ బుడగలు వీధుల్లో తేలుతూ అతని ప్రకటనను మోసుకుపోతాయి. వచ్చినవారికి షర్బత్తులు, బిస్కత్తులు ఉచితం. నచ్చకపోతే సరుకు తిరిగి యిచ్చివేయవచ్చు. నా గోడగడియారానికి వేసిన ఎరలన్నీ నూటనలభై యేళ్ళనాడే అక్కడ తయారై వున్నాయి.

జోలా గొప్పతనం ఎరను వర్ణించటంతో ఆగకపోవటంలో వున్నది. రోబినో అనే చిన్న వర్తకుడు పట్టు ధరలో మూరేతో పోటీకి దిగుతాడు. యితను కొన్ని సెంటీములు తగ్గిస్తే అతను మరికొన్ని తగ్గిస్తాడు. మూరేకు ఆ నష్టం భరించటానికి మిగతా విభాగాల లాభం వున్నది. రోబినోకు భార్య తెచ్చిన సొమ్ము తప్ప మరేమీ లేదు. అతనికి సరుకు పంపే లియాన్ పట్టు వుత్పత్తిదారు కూడా యీ పోటీలో చితికిపోతాడు. చివరకు రోబినో బండి చక్రాలకింద పడబోయి గాయపడతాడు. అంగడి లోపల వేసవిలో బేరం మందగించగానే గుమాస్తాలను డజన్లకొద్దీ వీధిలోకి నెట్టివేస్తారు. తగ్గించిన ప్రతి సెంటీముకూ నవలలో వొక మనిషి ముఖం వున్నది. ధర తగ్గటం అనే మాటలో వున్న అకర్మకత్వాన్ని జోలా వొప్పుకోలేదు. ధర దానంతట అది తగ్గదు, యెవరో తగ్గిస్తారు, యెవరిమీదనో పడుతుంది.

మన దేశంలో యీ కథ మరింత పెద్ద యెత్తున జరిగింది. అమెజాన్ 2013 జూన్‌లో యిక్కడ దుకాణం తెరిచింది. 2014 జూలైలో బెంగుళూరు కంపెనీ ఫ్లిప్‌కార్ట్ 100 కోట్ల డాలర్ల పెట్టుబడి సమకూర్చుకున్నట్లు ప్రకటించింది. మర్నాడే అమెజాన్ భారతదేశంలో 200 కోట్ల డాలర్లు పెడతామన్నది. అదే యేడు అక్టోబరు 6న ఫ్లిప్‌కార్ట్ తన మొదటి మహా తగ్గింపు అమ్మకం జరిపి, పది గంటల్లో 600 కోట్ల రూపాయల సరుకు అమ్మినట్లు చెప్పుకున్నది. సరుకు క్షణాల్లో అయిపోయిందనీ, ముందురోజు ధరలు పెంచి తరవాత తగ్గించారనీ జనం గోలపెట్టగా, మర్నాడు కంపెనీ వ్యవస్థాపకులు క్షమాపణ చెప్పుకున్నారు. 2018లో అమెరికా వర్తక సంస్థ వాల్‌మార్ట్ 1600 కోట్ల డాలర్లు పెట్టి ఆ కంపెనీలో 77 శాతం వాటా కొన్నది.

నష్టాలు చూపిస్తున్న కంపెనీకి అంత వెల యెందుకు పలికింది? సామాన్య వర్తకుడి లెక్కలో నష్టమంటే వోటమి. యీ లెక్కలో నష్టం అంటే కొనుగోలుదార్లను, వారి అలవాట్లను, చిరునామాలను కూడబెట్టటానికి పెట్టిన ఖర్చు. మూరే పట్టుమీద పోగొట్టుకున్నది అదే సాయంత్రం మరో విభాగంలో రాబట్టుకునేవాడు. వీరు యేళ్ళ తరబడి పోగొట్టుకోగలరు, పక్క దుకాణం మూతపడేదాకా ఆగగలరు. అంచేత 2014లో మనకు అందిన తగ్గింపును బహుమతి అనటంకన్న యుద్ధవ్యయం అనటం ఉచితంగా వుంటుంది. ఆ యుద్ధంలో మనం మిత్రపక్షంవారమూ కాదు, శత్రువులమూ కాదు. యే భూమికోసం యుద్ధం జరుగుతున్నదో ఆ భూమి మనం.

పెట్టుబడిదార్ల డబ్బు యెల్లకాలం కురవదు. తరవాత ఆ భారం రెండు దిక్కులకు జరుగుతుంది. మొదటి దిక్కు, ఆ తెరమీద సరుకు పెట్టుకున్న చిన్న అమ్మకందారు. అతను అమ్మిన పలు వస్తువులమీద కమిషన్ కట్టాలి, రవాణా రుసుము కట్టాలి, తన సరుకు మొదటి వరసలో కనిపించాలంటే ప్రకటనకు కట్టాలి, కొన్నవారు తిప్పి పంపితే దాని ఖర్చులో పాలు పంచుకోవాలి. పండుగ అమ్మకంలో చేరకపోతే సరుకు కనిపించదు. చేరితే తగ్గింపు తన జేబులోంచి పోతుంది. మనకు డెలివరీ ఉచితమని తెరమీద వున్న మాట అతని లెక్కల పుస్తకంలో ఖర్చు పద్దుకింద వుంటుంది.

రెండో దిక్కును గురించి 1867లోనే రాసిపెట్టి వున్నది. కాపిటల్ మొదటి సంపుటంలో మార్క్స్ లండన్ రొట్టె వ్యాపారుల సంగతి చెబుతాడు. వారిలో పూర్తిధరకు అమ్మేవారు కొద్దిమంది, ధర తగ్గించి అమ్మేవారు నాలుగింట మూడు వంతులు. చవకరొట్టె రహస్యమేమిటని ప్రభుత్వ విచారణలో అడిగితే, పూర్తిధర వ్యాపారులే బయటపెట్టారు: పన్నెండు గంటల కూలి యిచ్చి పద్దెనిమిది గంటలు పని చేయిస్తున్నారు, రొట్టెలో పటిక కలుపుతున్నారు. తగ్గిన ధరలో వున్నది యజమాని దాతృత్వం కాదు, పనివాడికి యివ్వని ఆరుగంటల కూలి. రొట్టె కొన్న పేదవాడికి ఆ ఆరుగంటలు కనిపించవు. బహుశా అతనూ యింకొకచోట అట్లాగే ఆరుగంటలు వదులుకుని వచ్చినవాడే అయివుంటాడు.

మా కాలేజీలో డిగ్రీ చివరి సంవత్సరం చదివే వొక కుర్రవాడు సాయంత్రాలు పార్శిళ్ళు చేరవేస్తాడు. జీతం లేదు, పార్శిలుకు యింత అని లెక్క. బండి తనది, పెట్రోలు తనది. యింట్లో మనిషి లేక తిరిగి వస్తే ఆ తిరుగుడుకు డబ్బు లేదు. దసరా అమ్మకాల రోజుల్లో వారంపాటు తరగతికి రాలేదు. తరవాత అడిగితే, "రోజుకు రెండింతల మోత సార్, రాత్రి పదయ్యేది" అన్నాడు. వొకనాడు అతను తెచ్చిన సంచీలో నా పార్శిలు కూడా వున్నదట. మూడో అంతస్తు యెక్కి వచ్చి, తలుపు తీసింది నేనని చూసి సిగ్గుపడ్డాడు. సిగ్గుపడవలసింది అతను కాదు. ఉచిత డెలివరీ అనే సమాసాన్ని విగ్రహం చెప్పమని పరీక్షలో అడిగితే, ఆ రోజు తరవాత నేను మునుపటి జవాబుకు మార్కులు వేయలేను.

యీ కుర్రవాడు వొంటరివాడు కాడు. 2020-21లో దేశంలో యిటువంటి గిగ్ కార్మికులు 77 లక్షలమంది వున్నారని నీతి ఆయోగ్ 2022లో అంచనా వేసింది. చాలాకాలం వీరికి కార్మికులనే పేరుకూడా లేదు. కంపెనీ భాషలో వీరు భాగస్వాములు. లాభంలో భాగం లేని భాగస్వామ్యం! రాజస్థాన్ 2023లో మొదటిసారిగా వీరికోసం చట్టం చేసింది. 2020నాటి సామాజిక భద్రతా స్మృతి వీరిని పేరుపెట్టి గుర్తించిందిగాని, అది అమల్లోకి రావటానికి 2025 నవంబరు దాకా పట్టింది.

యిక్కడ వొక ఆక్షేపణకు జవాబు చెప్పాలి. పాత కిరాణా వర్తకుడు మాత్రం ధర్మరాజా? కాడు. తూకంలో మోసం, సరుకులో కల్తీ, అరువుపద్దులో వడ్డీ, యివన్నీ మన పల్లెలు యెరిగినవే. యెవరిని గడపలోకి రానివ్వాలి, యెవరికి దూరాన్నించి పడేయాలి అని కులం చూసి నిర్ణయించిన దుకాణాలు కూడా వుండేవి. ఆన్‌లైన్ దుకాణం గడపదగ్గర కులం అడగదు. వొక ఆడపిల్ల తనకు కావలసిన వస్తువును వూరి వర్తకుడి చూపులు తగలకుండా తెప్పించుకోగలదు. యిది చిన్న సంగతి కాదు. అంచేత పాత దుకాణాన్ని నిలబెట్టటం మన ఆశయం కాజాలదు. కొత్త దుకాణం తెచ్చిన సౌకర్యాన్ని వుంచుకుంటూనే దాని లెక్కలు బయటపెట్టమని అడగవచ్చు. రైలు యెక్కినవాడు రైల్వే కార్మికుడి జీతాన్ని గురించి అడగకూడదని యెవరూ అనలేదుగదా.

చట్టం కొంతవరకు అడిగింది. 2016 మార్చిలో కేంద్రప్రభుత్వం విదేశీ పెట్టుబడిగల ఆన్‌లైన్ అంగళ్ళు సరుకుల ధరలను ప్రత్యక్షంగాగాని పరోక్షంగాగాని ప్రభావితం చేయరాదన్నది. ఆ నిబంధనలను 2018 డిసెంబరులో బిగించి, క్యాష్‌బ్యాక్ విషయంలో పక్షపాతం కూడదన్నది. 2020 జనవరిలో ఢిల్లీ వర్తకుల ఫిర్యాదుమీద కాంపిటీషన్ కమిషన్ రెండు పెద్ద కంపెనీలపైనా విచారణకు ఆదేశించింది. 2023 నవంబరులో దొంగ తొందర పెట్టటం, అడగని వస్తువును బుట్టలో చేర్చటం మొదలైన 13 మాయోపాయాలను డార్క్ ప్యాటర్న్స్ పేరుతో నిషేధించారు. యివి అవసరమే. కాని చట్టానికి పెట్టుబడి యెట్లా జవాబు చెబుతుందో ఫ్రాన్సులో చూడవచ్చు. అక్కడ పుస్తకాల షాపులను కాపాడటానికి 2014లో, ఆన్‌లైన్‌లో కొన్న పుస్తకాలకు ఉచిత డెలివరీ కూడదన్నారు. అమెజాన్ డెలివరీ రుసుమును వొక్క సెంటీముగా నిర్ణయించింది! యూరోలో నూరోవంతు. చివరకు 2023 అక్టోబరునుంచి 35 యూరోలకు తక్కువైన పుస్తకాల కొనుగోలుకు కనీసం 3 యూరోలు వసూలు చేయాలని నియమం పెట్టవలసివచ్చింది. ఆ తొమ్మిదేళ్ళలో చట్టం నెగ్గిందని, దుకాణం ఓడిందని యెవరనగలరు?

యిక మళ్ళీ జోలా దగ్గరికి. ఆయన నవల ముగింపు నాకు యెన్నడూ నచ్చలేదు. బోదూ కూతురు శవం అంగడిముందునుంచే పోతుంది, గొడుగులు చెక్కే ముసలివాడు బూరా దుకాణం నేలమట్టమవుతుంది. అంతా చూసిన నాయిక డెనీజ్ యిది తప్పనిసరి పరిణామమని తలవొగ్గి, గుమాస్తాల బాగుకు కొన్ని సంస్కరణలు సాధించి, చివరకు యజమానిని పెళ్ళాడటానికి వొప్పుకుంటుంది. నవలంతా తెరిచి వుంచిన లెక్కను ఆ పెళ్ళి కొట్టివేస్తున్నది. దయగల యజమాని దొరికితే సమస్య తీరుతుందన్న భ్రమను మిగులుస్తున్నది. నేటి కంపెనీలకు పెళ్ళాడటానికి మనిషికూడా లేడు. అయినా జోలాను మనం యెందుకు చదవాలంటే, చవకధర వెనకనున్న మనుషులకు ఆయన పేర్లు పెట్టాడు. మన రచయితలు కొనేవాడి వ్యామోహాన్ని యెగతాళి చేసే కథలతో తృప్తిపడక, ఆ అమ్మకందారును, గోదాములో నిలబడి పార్శిళ్ళు కట్టే ఆడమనిషిని, మూడో అంతస్తు యెక్కే మా కుర్రవాణ్ణి పాత్రలుగా తీసుకోవాలి. కరుణ కోసం కాదు. ధర యెట్లా తయారవుతుందో కథలోనే తెలిసేటట్లు రాయటం కోసం.

చివరగా వొక మాట. మా వూళ్ళో వొక పుస్తకాల షాపు వుండేది. అందులో విద్యార్థులు గంటల తరబడి నిలబడి పుస్తకాలు చదివేవారు. యజమాని యేమీ అనేవాడు కాడు. మరీ పొద్దుపోతే స్టూలు యిచ్చేవాడు. నేను కొనలేని పుస్తకాలు సగం అక్కడే చదివాను. ఆయన దాన్ని ఉచిత పఠనమని బోర్డు పెట్టుకోలేదు, వూరికే చదవనిచ్చేవాడు. కొనేటప్పుడు పదిశాతం తగ్గించేవాడు, అంతకుమించి తన చేతిలో లేదనేవాడు. మూడేళ్ళక్రితం ఆ షాపు మూతపడింది. అద్దె పెరగటం, చదివేవారు తగ్గటం, ఆన్‌లైన్ ధరలు, కారణాలు చాలా వుండివుంటాయి. నేను 320 రూపాయలకు తెప్పించుకున్న పుస్తకం ఆయన దగ్గర కొనివుంటే 360 అయ్యేది. ఆ తేడా సరిగ్గా నలభై రూపాయలు. గడియారం యింకా మా గోడమీద వున్నది, టైము సరిగ్గానే చూపిస్తున్నది.